తర్వాతి పేజీలో ‘అని’

సరిగ్గా ఒంటిగంటకి పెద్ద జడ్జి ముప్ఫై ఎనిమిదో పేరా చివర ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మిగతాది రెండింటికి చదువుతామన్నాడు. ముగ్గురు జడ్జీలూ లేచారు, హాలంతా లేచింది, వాళ్ల వెనక తలుపు మూసుకుంది, ప్లీడర్లు గౌన్లు ఎగదోసుకుంటూ క్యాంటీన్ వైపు పరుగెత్తారు. నేను మాత్రం ముందు వరస కుర్చీ వెన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన ఆఖరున చదివిన వాక్యం నాది. నాది అంటే నా చేత్తో రాసింది. ‘గడువు దాటిన రోజునే లిఖితపూర్వకంగా విడుదల కోరని నిర్బంధితుడు ఆ హక్కును వదులుకున్నట్లే.’ నలభై ఒకటో సంపుటం, రెండు వందల పన్నెండో పేజీ. పదకొండేళ్లుగా కింది కోర్టులన్నీ దాన్ని ఈ పెద్ద కోర్టు మాటగా అప్పజెబుతున్నాయి. ఈ కోర్టు ఆ మాట ఎప్పుడూ అనలేదు. అన్నది ప్రభుత్వ ప్లీడరు. ఆ సంగతి ఈ హాల్లో బహుశా నా ఒక్కదానికే తెలుసు, తెలిసి పదేళ్లు దాటింది, గోడ గడియారంలో ఇప్పుడు ఒంటిగంటా రెండు నిమిషాలు.

నా ఉద్యోగం తీర్పుల పత్రికలో. ఎనభై పేజీల తీర్పు నెత్తిన నాలుగు లైన్ల సారాంశం పెట్టడం. దాన్నే మావాళ్లు హెడ్‌నోట్ అంటారు. ముప్ఫై రెండేళ్లుగా అదే పని, అందుకే ఆఫీసులో నా పేరు అరిగిపోయి ‘క్లుప్తంగారు’ మిగిలింది. ఇంట్లో సరుకుల చీటీ రాసినా అంతే, సబ్బు అని ఊరుకుంటాను, ఒంటికా బట్టలకా అని మా ఆయన కొట్లోంచి ఫోన్ చేస్తాడు. పెద్ద కేసుల తీర్పు చదివే రోజున మాత్రం కుర్రాళ్లని పంపకుండా నేనే వస్తాను, ఇవాళా అలాగే వచ్చాను. కేసు ఒక తాళాలు బాగుచేసేవాడిది. ఎవరో గోదాము తగలబెట్టారు, లోపల ఇద్దరు పోయారు, ఆ గోదాము తలుపు తీసిన మారు తాళంచెవి ఇతను కోసిందని పట్టుకెళ్లి భద్రతా చట్టం కింద లోపల పెట్టారు. నూరు రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే మనిషిని వదిలేయాలని రాజ్యాంగం చెబుతోంది. నూట ముప్ఫై ఒకటో రోజున వేశారు. ఇతను విడుదల అడిగింది నూట పదిహేడో రోజున. నూట ఒకటో రోజున అడగలేదు కాబట్టి హక్కు వదులుకున్నట్లేనని కింది కోర్టు నా వాక్యం చూపించి పంపేసింది. నాలుగేళ్లయింది, అసలు విచారణ ఇంకా మొదలే కాలేదు. రాజ్యాంగం ఇచ్చిన హక్కు నోరు మూసుకుని కూర్చుంటే పోతుందా అన్నది ఈ ముగ్గురి ముందున్న ఘనమైన ప్రశ్న. అతను ఇంటికి వెళ్తాడా లేదా అన్నది ఆ ప్రశ్నకి తోక. మా పత్రికలో తోకలకి చోటు ఉండదు.

వరండాలోకి వచ్చాను. చెక్కబెంచీ మీద అతని భార్య ఒక్కతే కూర్చుని ఉంది, ఒళ్లో స్టీలు డబ్బా, మూత తీయలేదు. నలభై లోపే ఉంటుంది. పొద్దుట్నుంచీ హాల్లో నా వెనకే కూర్చుంది, నేను పుస్తకంలో గీసుకుంటుంటే నా చెయ్యి కదిలినప్పుడల్లా మెడ చాచి చూసింది. పక్కకి జరిగి చోటిచ్చింది, కూర్చోక తప్పలేదు.

“అక్కా, మీరు పేపరువాళ్లా?”

“కాదమ్మా. తీర్పులు అచ్చేసే ఆఫీసు.”

“అయితే మీకు తెలుస్తుంది. ఇందాక చదివింది మనకి మంచిదా, చెడ్డదా?”

మనకి అంది. నేను, ఇంకా సగం ఉంది కదా అన్నాను. ప్లీడరుగారూ అదే అన్నారంది. “సగం ఉందంటే ఏంటక్కా, ముంచే సగమా తేల్చే సగమా?” బ్యాగులో నీళ్ల సీసా వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను.

చిన్నప్పుడు మా అమ్మని ఏడిపించేదాన్ని. అమ్మ జీవితంలో తన మాటగా ఒక్క మాట అనలేదు, అన్నిటికీ చివర ‘అట’. వాన వస్తుందట, పక్కింటావిడకి ఒంట్లో బాగాలేదట, చివరికి తన మోకాళ్ల గురించి కూడా, అరిగిపోయాయట. నీ మోకాళ్లే కదమ్మా, ఎవరో చెప్పాలా అంటే డాక్టరు చెప్పాడు మరి అనేది. ఇప్పుడనిపిస్తుంది, అంత నిజాయితీగా మాట్లాడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మాట ఎవరిదో వాళ్లకి అప్పగించేసి తన చేతులు తను కడుక్కునేది. మన వాక్యంలో ఉన్న తిరకాసే అది: మాట ముందు వస్తుంది, మనిషి వెనక వస్తాడు. మైలు పొడుగు వాక్యం నడిచి నడిచి, చివర ‘అని’ తగిలి, ఆ తర్వాత గాని అన్నది ఎవరో తెలియదు. ఈలోగా వినేవాడు నమ్మేసి ఉంటాడు. బళ్లో వ్యాకరణం మాస్టారు, ‘అని’ కనపడేదాకా ఎవరినీ తిట్టకండర్రా, ఎవరినీ పొగడకండర్రా అనేవాడు. మేం నవ్వేవాళ్లం. ఆయన మాట నేను పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

పదకొండేళ్ల కిందట ఆ వాక్యం రాసిన రోజు అమ్మ ఆసుపత్రిలో ఉందనీ, నాకు మూడు రోజులుగా నిద్ర లేదనీ చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా, చాలాసార్లు, నాకు నేనే. కానీ అసలు సంగతి అది కాదు. ఆ వాక్యం నాకు నచ్చింది. తీర్పు టైపు కాపీ పదహారో పేజీ చివర ‘విడుదల కోరని నిర్బంధితుడు ఆ హక్కును వదులుకున్నట్లే భావించాలి’ దగ్గర ఆగింది, చూడగానే ఒళ్లు ఝల్లుమంది, ఎక్కడో విన్నట్టే ఉంది, నూరేళ్లుగా ఉన్న మాటలా ఉంది. ఉంటుంది మరి, అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతకి గౌను తొడిగితే అదే వస్తుంది. అక్కడికక్కడే పేజీ తిప్పకుండా పెన్ను తీసి ‘భావించాలి’ కొట్టేసి, ముందు ‘గడువు దాటిన రోజునే లిఖితపూర్వకంగా’ చేర్చి, నున్నగా చేశాను. పదహారో పేజీ చివర చుక్క లేదు. ఆ చుక్క నేను పెట్టాను. పదిహేడో పేజీ మొదటి మాట ‘అని’. ‘అని ప్రభుత్వ న్యాయవాది గట్టిగా వాదించారు. ఆ ప్రశ్నలోకి మేము వెళ్లనక్కర్లేదు, ఎందుకనగా అరెస్టు చేసిన రోజును మినహాయిస్తే ఈ నిర్బంధితునికి తొంభై తొమ్మిది రోజులే పూర్తయినవి.’ నేను పదిహేడులో రెండో పేరా మీదికి దూకి, పిటిషన్ కొట్టివేశారని చూసి, నా వాక్యానికి సరిపోయిందనుకుని ప్రెస్సుకి పంపేశాను. వాడు ఓడిపోయాడు కదా, సరిపోక ఏం చేస్తుంది? అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఇంతకీ ఆ సామెత కూడా అబద్ధమే, మా అమ్మ అడిగించుకుని పెట్టిన రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు. ఆసుపత్రి మంచం మీద కూడా నా చేతిలో పెన్ను చూసి, తిన్నావా అంది.

ఫోన్ మోగింది. మా ఆయన.

“తిన్నావా?”

“తిన్నాను.”

“ఏం తిన్నావు?”

“ఏమండీ, ఇక్కడ పనిలో ఉన్నాను.”

“గొంతు అలా ఉందేంటి? నీ వాక్యం చదివారా?”

ఆయనకి తెలుసు. ఆఫీసు బయట ఆయనొక్కడికే తెలుసు. చదివారన్నాను. బళ్లో డ్రాయింగు నేర్పి రిటైరైన మనిషి, ఏ విషయమైనా చెట్టు దగ్గర మొదలుపెట్టి కొమ్మ కొమ్మకీ ఎక్కిస్తాడు, అలాంటాయన, “చెప్పెయ్యకూడదూ,” అని ఊరుకున్నాడు. ఎవరికి, ఎప్పుడు, ఎలా అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పక్కన ఆవిడ డబ్బా మూత తీసింది. రొట్టెముక్కలు, ఉడికించిన గుడ్డు. సగం నా వైపు జరిపింది. తిన్నానన్నాను. “తినలేదు, నేను ఇక్కడే ఉన్నాగా,” అంది.

ఆ వాక్యం అచ్చయిన ఆరు నెలల తర్వాత సంపుటానికి విషయసూచిక తయారుచేస్తుంటే ఆ ‘అని’ కనబడింది. పెద్ద అక్షరాలతో ఏం లేదు, పేజీ మొదట్లో, ఎడమ పక్కన, చిన్నగా. మూడుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పాను. సవరణ చీటీ రాసుకుని మా పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పెద్దాయనంటే మా సంపాదకుడు, నాకు పని నేర్పినవాడు, ‘నువ్వు రాసే నాలుగు లైన్లు చదివాక తీర్పు ఎవడూ చదవడమ్మా, అందుకని నువ్వొక్కదానివైనా చదువు’ అనేవాడు. చీటీ చదివి నా వైపు చూశాడు. “వచ్చే సంచికలో వేద్దామంటే వేద్దాం. నీ ఇష్టం,” అన్నాడు. నీ ఇష్టం. ఇంతకన్నా పెద్ద శిక్ష నాకు తెలిసిన చట్టాల్లో లేదు. ఆ వారంలోనే ఒక మాజీ జడ్జి ఏదో సభలో నా వాక్యాన్ని కంఠస్థంగా చెప్పి, చట్టం ఇంత సూటిగా ఉండాలన్నాడు. ఇంకో మూడు నెలల్లో పెద్దాయన రిటైరై ఆ కుర్చీ ఖాళీ అవబోతోంది. చీటీని నిఘంటువులో పెట్టాను, రేపు వేద్దామని. పెద్దాయన అడగలేదు. నేను ఎత్తలేదు. కుర్చీ నాకే వచ్చింది. మౌనం అర్ధాంగీకారం అంటారు, ఆ మిగతా అర్ధం ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పరు. నాది కడుపులోకే పోయింది, మాత్రలు వేసుకుంటున్నాను.

ఆ తర్వాత అవి నా బల్ల మీదికే వచ్చేవి. కింది కోర్టుల ఉత్తర్వులు, అచ్చుకి. గొర్రెదాటు ఎలా ఉంటుందో చూడాలంటే మా ఆఫీసుకి రావాలి, మొదటిది దూకితే వెనకవన్నీ అక్కడ గోడ ఉందో లేదో చూడకుండానే దూకుతాయి. వాటికి హెడ్‌నోట్లు రాసింది కూడా నేనే. ‘నలభై ఒకటో సంపుటం, 212, అనుసరించబడినది.’ అనుసరించబడినది, అనుసరించబడినది, చెయ్యి దానంతటదే రాసేది. ఒక టైపు నేర్పే మాస్టరు, ఒక పడవ నడిపేవాడు. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే కేసు. తమ్ముడు నూట ఒకటో రోజున కాగితం పెట్టి బయటపడ్డాడు, అన్న జ్వరంతో పడుకుని నూట రెండో రోజున పెట్టి లోపలే ఉండిపోయాడు. దాన్ని నేను సంవత్సరాంతపు సమీక్షలో ‘ఆసక్తికరమైన కేసు’ అని రాశాను. ఆసక్తికరం. ఆ అన్న ఎప్పుడు బయటికొచ్చాడో నాకు తెలియదు, మా పత్రిక తీర్పుతో ఆగిపోతుంది. నా మీద నాకే రోత పుడుతోంది, ఈ మాట కూడా రెండేళ్లకోసారి అనుకుని, ముఖం కడుక్కుని, ఆఫీసుకి పోయాను.

“మా ఆయనకి మాట తక్కువక్కా,” అంటోంది ఆవిడ. “కొట్టుకి ఎవరొచ్చినా చెయ్యి చాపుతాడు, తాళం ఇస్తారు, తీస్తాడు, ఇస్తాడు. అంతే. అలాంటి మనిషిని పట్టుకుని నువ్వెందుకు అడగలేదంటే ఏం చెప్తాడు? ఎవరిని అడగాలో మాకేం తెలుసు? ప్లీడరుగారు దొరికేసరికే నూట పదహారు రోజులైపోయె. ఆయన కాగితం రాయించిన రోజే పెట్టాం.” కొట్టు తలుపు వారానికి రెండు రోజులు తనే తీస్తుందట. మారు తాళంచెవి కొయ్యడం వచ్చట, తాళం తీయడం రాదట. “అందరి తాళాలూ తీసినోడికి తన తాళం తీసేవాళ్లు లేరా అని బజార్లో నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ మాట ఎత్తితే డబుల్ తీసుకుంటున్నాను.” అని నిజంగానే నవ్వింది, పై పళ్లలో ఒకటి లేదు. లోపల ఆయన చేతి వేళ్లు మొద్దుబారిపోతున్నాయట, బొత్తాం పెట్టుకోలేకపోతున్నాడట, ఇంకో ఏడాది అయితే పనికి రావట. డాక్టరు అన్నాడా అంటే, కాదు, ఆయనే అన్నాడంది.

ఒంటిగంట ఇరవై. లేచాను. మెట్లెక్కి లైబ్రరీకి వెళ్లాను, ఎందుకు వెళ్తున్నానో కాళ్లకి తెలిసినట్టుంది. నలభై ఒకటో సంపుటం అరలోంచి తీస్తే రెండు వందల పన్నెండో పేజీ దగ్గర దానంతటదే తెరుచుకుంది. పేజీ అంచు నల్లబడి ఉంది. నా వాక్యం కింద పెన్సిలు గీతలు, నీలం గీతలు, ఎర్ర గీత, ఎవరో పక్కన నక్షత్రం గుర్తు, ఇంకెవరో ‘భేష్’. తర్వాతి పేజీ తెల్లగా ఉంది. దాని తర్వాతదీ తెల్లగా ఉంది. రెండు వందల పంతొమ్మిదో పేజీ, ‘అని’ ఉన్న పేజీ, పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క వేలు ముద్ర లేదు. అంటే నిజం దాచిపెట్టి లేదు, ఈ అరలోనే ఉంది, ఏడు పేజీల దూరంలో, బెయిలు కాదన్న ప్రతివాడి చేతిలోనూ ఉంది. తిలాపాపం తలా పిడికెడు అనుకోబోయాను. అనుకుంటే కాస్త హాయిగా ఉండేది. కానీ వాళ్లు చదవలేదు, నేను చదివాను. నేను చదివి ఊరుకున్నాను. ఈ రెండూ ఒకటి కావు, ఏ కోర్టులోనైనా కావు. లైబ్రేరియన్ రిజిస్టరు తోశాడు, సంతకం పెట్టండి, కిందికి తీసుకెళ్తే రెండుంపావుకల్లా ఇచ్చెయ్యాలి అన్నాడు. సంతకం పెట్టాను.

చెబితే ఏమవుతుంది? ఉద్యోగం పోతుంది, పోనీ, ఇంకో ఏడాదిలో ఎలాగూ రిటైరవ్వాలి. పేరు పోతుంది, పేరెక్కడుంది, క్లుప్తం. ఇవి కాదు నన్ను పట్టి ఆపుతున్నవి. ఇవాళ చెబితే, అప్పుడెందుకు చెప్పలేదని అడుగుతారు, దానికి జవాబుగా నేను ఆ కుర్చీ పేరు చెప్పాలి. కుర్చీ. స్పాంజి చిరిగిపోయిన, ఒక చక్రం తిరగని కుర్చీ. ఒక మనిషి నాలుగేళ్లు అని నోటితో అంటాం గాని, అది ఎన్ని బొత్తాలు. మెట్లు దిగుతుంటే మోకాళ్లు నొప్పెట్టాయి. అరిగిపోయాయి, నావి, నేనే చెబుతున్నాను.

అతని ప్లీడరు మెట్ల కింద కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతున్నాడు. జలుబు, చేతిరుమాలు ముక్కు దగ్గరే ఉంది. యాభై ఏళ్ల మనిషి, పెద్ద పేరున్నవాడు కాదు, ఈ కేసు ఊరికే వాదిస్తున్నాడని విన్నాను. పుస్తకం ఆయన ముందు తెరిచి పెట్టాను.

“ఇది చదివారా?”

“ఇందాకే కదండీ చదివి వినిపించారు,” అని ముక్కు చీదాడు. “నాలుగేళ్లుగా దీంతోనే కొట్టుకుంటున్నాను. ఈ సూత్రం రాజ్యాంగానికి సరిపోదు, కొట్టెయ్యండి అనే కదా నా వాదన అంతా.”

“ఇది హెడ్‌నోట్. తీర్పు చదివారా?”

ఏడు పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించాను. చదివాడు. మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకి తిప్పాడు, నేను ఆనాడు తిప్పినట్టే. టీ కప్పు కిటికీ మీద పెట్టేశాడు. “అసలు ఇలా అనలేదే,” అన్నాడు, చాలా మెల్లగా. “లేని సూత్రాన్ని కొట్టెయ్యమని వాదించానా నేను నాలుగేళ్లు.” తర్వాత నా వైపు చూశాడు. “ఇది రాసిందెవరు?”

“నేను.”

“ఎప్పుడు తెలిసింది మీకు?”

“పదేళ్ల పైన.”

“ఈ నాలుగేళ్లూ మీరు ఈ ఊళ్లోనే ఉన్నారా?”

“ఉన్నాను.”

ఆయన చేతి గడియారం చూసుకుని, జడ్జీలు కూర్చోగానే లేచి చెబుతాను, వింటారు, వినక చస్తారా అని పుస్తకం చంకన పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు. నాకు ఒళ్లంతా తేలికపడింది. సిగ్గు లేకుండా ఆకలి కూడా వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఆకు చల్లగానే ఉంటుంది కదా అనుకుంటూ హాల్లోకి పోయి కూర్చున్నాను. వెనక ఆవిడ వచ్చి కూర్చుంది. రేపు పొద్దున్నే సవరణ అచ్చుకి ఇవ్వాలి, పదకొండేళ్ల ఉత్తర్వుల జాబితా తియ్యాలి, ఆ అన్న ఎక్కడున్నాడో కనుక్కోవాలి, అని వరసగా పనులు రాసుకుంటున్నాను మనసులో.

రెండు గంటలకి జడ్జీలు వచ్చారు. ప్లీడరు పుస్తకం ఎత్తి పట్టుకుని లేచాడు. పెద్ద జడ్జి తలెత్తకుండానే చెయ్యి ఊపాడు. “కూర్చోండి. నలభై ఒకటో సంపుటం గురించే అయితే ముప్ఫై తొమ్మిదో పేరాలో ఉంది, వినండి.” చదవడం మొదలుపెట్టాడు. ‘అయితే, సదరు తీర్పు పూర్తి పాఠాన్ని పరిశీలించగా, పై వాక్యం ఈ న్యాయస్థానపు నిర్ణయం కాదనీ, ప్రభుత్వ న్యాయవాది వాదన మాత్రమేననీ, సారాంశకర్త పొరపాటున దానిని నిర్ణయంగా నమోదు చేశారనీ స్పష్టమగుచున్నది.’ చదివాడు. ఈయన పేజీ తిప్పాడు. పదకొండేళ్లలో ఒక్కడు తిప్పాడు. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి, వెనక్కి తిరిగి చూశాను, ఆవిడ నా ముఖమే చూస్తోంది, మంచిదేనా అన్నట్టు కనుబొమలెత్తింది. నేను తలూపాను. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది.

‘అయినప్పటికీ,’ అన్నాడు పెద్ద జడ్జి.

ముప్ఫై రెండేళ్లు ఈ పని చేసి, ఆ మాట వినకముందే తలూపిన దాన్ని ఏమనాలి? ‘అయినప్పటికీ, పదకొండేళ్లుగా వందలాది ఉత్తర్వులకు ఆధారమై, న్యాయస్థానాలు, పోలీసులు, పౌరులు నమ్మి నడుచుకొనుచున్న సూత్రాన్ని, దాని పుట్టుక సరికాదన్న కారణంతో కదిలించడం చట్టపు నిశ్చయతకు భంగకరం. పొరపాటుగా మొదలైనదైనను దీర్ఘకాలం అందరూ ఆచరించినది చట్టమే. ఈ పదకొండేళ్లలో సదరు పొరపాటును ఎవరూ ఎత్తి చూపకపోవడం గమనార్హం.’ గమనార్హం. అంటే మూలం తప్పయినా నిలబెట్టింది ఆ దీర్ఘకాలం, ఆ దీర్ఘకాలాన్ని రోజుకో రోజు చొప్పున పోగేసి ఇచ్చింది నేను. మొదటి ఏడాదే చీటీ వేసి ఉంటే అది పొరపాటు. రెండో ఏడాది అయినా పొరపాటే. నేను పెంచి పెద్దదాన్ని చేశాను, ఇప్పుడది చట్టం. పౌరులు నమ్మి నడుచుకుంటున్నారట. పిటిషన్ కొట్టివేయడమైనది. ముగ్గురిదీ ఒకే మాట. గోడ గడియారంలో రెండూ పన్నెండు.

ప్లీడరు పుస్తకం నా పక్క కుర్చీలో పెట్టి వరండాలోకి నడిచాడు. నేనూ వెళ్లాను, ఆవిడ మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

“ఏమన్నారక్కా? మీరు తలూపారుగా.”

ప్లీడరు చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. నేనే చెప్పాను. “ఆ మాట కోర్టు అనలేదని ఒప్పుకున్నారు. పొరపాటున రాశారని ఒప్పుకున్నారు.”

“అయితే వదిలేస్తారు.”

“లేదమ్మా. చాలా ఏళ్లయిపోయింది కాబట్టి అదే ఉండనీ అన్నారు.”

“తప్పని తెలిసి కూడానా?”

“తెలిసి కూడా.”

కోపం లేదు ముఖంలో, లెక్క తేలని బిల్లు చూస్తున్నట్టు ఉంది. “ఆ రాసినాయన ఉన్నాడా, పోయాడా?”

ప్లీడరు నా వైపు చూసి, నేల వైపు చూశాడు.

“ఆయన కాదు,” అన్నాను. “నేనే రాశాను. తప్పని నాకు ఎప్పుడో తెలుసు. చెప్పలేదు.”

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను, కొట్టినా నిలబడేదాన్ని. ఆవిడ నా ముఖం చూసింది, నా చేతిలో పెన్ను చూసింది, మళ్లీ ముఖం చూసింది. వరండాలో జనం మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

“నాలుగింటికి ములాఖత్ ఉంది,” అంది. ఈసారి అక్కా అనలేదు. “ఎందుకు వదల్లేదని ఆయన అడుగుతాడు. నాకు ఇదంతా చెప్పడం రాదు. మీరొచ్చి చెప్పండి.”

“వస్తాను.”

“గేటు దగ్గర పుస్తకంలో రాస్తారు, ఖైదీకి మీరేమవుతారని. ఖాళీగా వదిలితే లోపలికి పంపరు.” చెంగు నడుముకి దోపుకుని మెట్లు దిగింది. రెండు మెట్లు దిగి ఆగింది, వెనక్కి తిరగలేదు. “ఏమవుతారో దారిలో ఆలోచించుకోండి.”